పోటోమాక్ నదీతీరే

పోయిన వారం మా ఇంట్లో వాటర్ హీటర్ కారి బేస్‌మెంట్ కార్పెట్ ఒక మూలంతా తడిసి ముద్దయింది. బాగుచేయడానికి వచ్చినతను రెండు పెద్ద ఫ్యాన్లు పెట్టి, మూడు రోజుల దాకా తలుపు తియ్యొద్దని చెప్పి వెళ్ళాడు. నేను తీశాను. వద్దన్న తలుపు తియ్యడం చిన్నప్పటి నుంచీ నాకున్న జబ్బు. గుప్పుమని తడి కార్పెట్ వాసన మొహానికి కొట్టింది. ఆ వాసనలో కాస్త సాంబ్రాణి, కాస్త కర్పూరం, వేడెక్కిన పాత టీవీ మీది దుమ్ము, ఓ ఇరవై జతల తడి మేజోళ్ళు కలిపితే అచ్చంగా వాషింగ్టన్ పక్కన షాంటిలీలో శాస్త్రి అంకుల్ వాళ్ళ బేస్‌మెంటే. అక్కడే మెట్ల మీద కూలబడి, హీటర్‌కీ బీమా కంపెనీకీ చేయాల్సిన ఫోన్లన్నీ మర్చిపోయి, పదేళ్ళ పిల్లనైపోయాను.

అప్పట్లో మా ఊళ్ళో గుడి లేదు. గుడి అంటే శాస్త్రి అంకుల్ బేస్‌మెంట్‌లో పింగ్‌పాంగ్ బల్ల. శుక్రవారం సాయంత్రం దాకా దాని మీద మేము బంతులు కొట్టుకునేవాళ్ళం. శనివారం పొద్దున వల తీసేసి, తెల్ల దుప్పటి పరచి, దేవుళ్ళ పటాలు వరసగా నిలబెడితే అదే మండపం. అంకుల్ వారానికి అయిదు రోజులు రైలెక్కి వాషింగ్టన్ వెళ్ళి ఒక ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవారు, శనివారం మాత్రం చలికి వేసుకునే బిగుతు పైజామా మీద పట్టుపంచె కట్టి పురోహితుడైపోయేవారు. పూజకి ముందు కుర్చీ ఎక్కి, పైకప్పుకున్న పొగ అలారానికి స్నానాల టోపీ తొడిగేవారు. ఒకసారి అది మర్చిపోతే సత్యనారాయణ వ్రతం మూడో కథ మధ్యలో రెండు ఫైరింజన్లు వచ్చాయి. నేను చెప్పేటప్పుడు నాలుగు అంటాను.

ఆయన భార్య కామాక్షి ఆంటీ. వాళ్ళమ్మాయి అప్పటికే కాలేజీకి వెళ్ళిపోవడంతో ఆవిడ ముద్దులన్నీ మాకే దక్కాయి. ధనుర్మాసంలో తెల్లవారకుండానే మా నాన్న కారు అద్దం మీద మంచు గీకి మమ్మల్ని తీసుకెళ్తే, ఆ ఇంటి తలుపు తియ్యగానే పచ్చకర్పూరం వేసిన చక్రపొంగలి వాసన వేడివేడిగా ఎదురొచ్చేది. నేతిలో వేగిన జీడిపప్పు ఎవరి విస్తట్లో ఎన్ని పడ్డాయో మేం పిల్లలం లెక్కపెట్టుకుని కొట్టుకునేవాళ్ళం. ఆకులు రాలే కాలంలో ఆవిడ పెరట్లో మేపుల్ ఆకులు కుప్పపోసి అందులోకి దూకేవాళ్ళం. మంచు కాలంలో బట్టలు వేసుకునే ప్లాస్టిక్ బుట్టల్లో కూచుని వాలులోకి జారేవాళ్ళం. ఒక ఏడు ఆ మంచు నా చంకల దాకా వచ్చింది. మా అమ్మ మోకాలి దాకా అనేది గానీ ఆవిడ లోపలుంది, ఆవిడకేం తెలుసు!

అర్థమయ్యే ఉంటుంది, నేను కొంచెం కలిపి చెప్పే పిల్లని. మా గరాజ్‌లో ఎలుగుబంటి పిల్లల్ని పెట్టిందని చెప్పాను. ఆంటీ ఆరబెట్టిన వడియాలు జింక తినేసి, దాహమేసి కుళాయి తిప్పుకుందని చెప్పాను. షాంటిలీ తెలుగువాళ్ళలో నా మాటకి ఒక రేటుండేది: రూపాయికి పావలా నిజం.

ఆ బేస్‌మెంట్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సంకల్పం. పూజ మొదట్లో మనమెవరం, ఎక్కడున్నాం, ఎవరి క్షేమం కోసం చేస్తున్నాం అని దేవుడికి విన్నవించుకోవడం. ఇండియాలో అయితే జంబూద్వీపం, భరతవర్షం, గోదావరికి ఏ పక్కనున్నామో చెబితే సరిపోతుంది; ఇక్కడికొచ్చాక ఆ చిరునామా చెల్లదు కదా. అందుకని అంకుల్ అమెరికాకి పంతుళ్ళు కుదిర్చిన పేర్లతో క్రౌంచద్వీపే అని, రమణకవర్షే అని, తరవాత ఒక్క క్షణం ఆగి, గొంతు కాస్త పెంచి “పోటోమాక్ నదీతీరే” అనేవారు. ఆ మాట వినగానే మా దేవుళ్ళందరూ పటం పక్కకి తోసుకుని కిటికీలోంచి నది కోసం చూస్తున్నట్టు అనిపించేది నాకు. నిజానికి నది అక్కడికి అరగంట దూరం. దేవుళ్ళకి అదో లెక్కా!

ఆ ఏడు జనవరిలో కొత్త ప్రెసిడెంటు పదవిలోకి వస్తున్నాడు. వాషింగ్టన్ పక్కనే ఉన్నందుకు మా బడులకి ఆ బుధవారం సెలవు. డిసెంబరు నుంచే మేం బేస్‌మెంట్‌లో ప్రమాణస్వీకారం ఆట ఆడేవాళ్ళం. ఒకరు ప్రెసిడెంటు, ఒకరు జడ్జి, ఒకరు భార్య. భార్య పసుపురంగు టెలిఫోన్ డైరెక్టరీని రెండు చేతులా పట్టుకుంటే ప్రెసిడెంటు దాని మీద ఎడమచెయ్యి ఆనించి కుడిచెయ్యి ఎత్తాలి. డైరెక్టరీ బరువు కాబట్టి భార్య వేషం ఎవరికీ వద్దు. నాకు మాత్రం ప్రార్థన చేసే మతగురువు వేషం కావాలి, ఎందుకంటే ఎంతసేపైనా మాట్లాడొచ్చు, మధ్యలో ఎవరూ ఆపకూడదు.

అయిదో తరగతిలో మా టీచరు మిసెస్ హార్ట్‌లీ ఈ తంతు గురించి ఒక పూటంతా చెప్పారు. ప్రమాణం మాటలు రాజ్యాంగంలో ఉన్నాయిట. బైబిల్ మీద చెయ్యి వెయ్యాలని లేదుట, చివర ‘దేవుడు నాకు తోడ్పడుగాక’ అనడమూ లేదుట, ముందొకటి వెనకొకటి ప్రార్థనలు చేయాలనీ ఎక్కడా లేదుట. అయినా అందరూ చేస్తారు, ఆచారం. బళ్ళో మాత్రం టీచరు ప్రార్థన చేయించకూడదు, చట్టం ఒప్పుకోదు. ప్రెసిడెంటుకున్న సదుపాయం మాకు లేదన్నమాట అని నేను ఆలోచిస్తుండగానే, ముందు బెంచీ టిమ్మీ లేచి, అక్కడ ప్రార్థన చేసే పెద్దాయనతో తమ చర్చి పాస్టర్ ఒకసారి కరచాలనం చేశాడని చెప్పాడు. ఇంకో పిల్ల వాళ్ళ మావయ్య అక్కడ పాడే బృందంలో ఉన్నాడంది. టిమ్మీ నా వైపు తిరిగి, చెడ్డగా కాదు, ఊరికే తెలుసుకోవాలని అడిగాడు: “మీ వాళ్ళెవరైనా ఉంటారా అక్కడ?”

క్లాసంతా నా వైపు చూసింది. లేరని ఒక్క మాట అంటే అయిపోయేది. నా నోటికి ఆ మాట ఎప్పుడూ రాలేదు.

“చివరి ప్రార్థన మా శాస్త్రి అంకుల్‌దే” అన్నాను. “నది పేరు సరిగ్గా చెప్పడం ఆయనకొక్కడికే వచ్చుట.”

మిసెస్ హార్ట్‌లీ మొహం వెలిగిపోయింది. అందరూ బుధవారం టీవీ చూసి, ఆ ప్రార్థన గురించి ఒక పేజీ రాసుకు రమ్మన్నారు. అలా నా అబద్ధం హోంవర్కైంది.

అది బళ్ళోనే ఉండిపోతే ఏదో ఒకటి చేసి తప్పించుకునేదాన్ని. నా పక్క బెంచీ కిరణ్ ఆ సాయంత్రమే వాళ్ళమ్మకి చెప్పాడు. వాళ్ళమ్మ సుజాత ఆంటీ. ఆవిడ చెవిలో ఒక మాట పడితే అన్నం ఉడికే లోపల షాంటిలీ దాటి మేరీలాండ్ చేరేది. ఆవిడ నమ్మడానికి కారణమూ ఉంది: అంకుల్ ఆఫీసు ప్రమాణం జరిగే ఆ తెల్ల గుమ్మటం భవనానికి నాలుగు వీధుల అవతలే. ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. అంకుల్ ప్రతివాళ్ళకీ లేదని చెప్పారు. ఆయన జన్మలో అబద్ధమాడని మనిషి. అందుకే ఎవరూ నమ్మలేదు. అంత పెద్ద సంగతి నిజాయితీపరుడు బయటికెందుకు చెబుతాడు, సెక్యూరిటీ వాళ్ళు చెప్పొద్దని ఉంటారు అని వాళ్ళే నిర్ణయించుకున్నారు. ఆయన ఎంత గట్టిగా కాదంటే అది అంత గట్టిగా ఖాయమైపోయింది.

ప్రమాణస్వీకారానికి ముందు శనివారం బేస్‌మెంట్ కిటకిటలాడింది. హారతి కాగానే సుజాత ఆంటీ పళ్ళెంలో కొబ్బరిచిప్ప పెట్టి, చేతులు జోడించింది.

“అన్నా, ప్రెసిడెంటు చెవుల మా గ్రీన్ కార్డు ముచ్చట గూడ ఒక మాట ఏయుండ్రి.”

“అమ్మా, నన్నెవరూ పిలవలేదు.”

“ఎరికే అన్నా. మీరు చెప్పొద్దు, మేము అడగొద్దు. గంతే!”

అందరూ నవ్వారు. అంకుల్ మొహం మాత్రం వాడిపోయింది. బుధవారం టీవీలో ఆయన కనిపించకపోతే వీళ్ళంతా ఏమనుకుంటారు? ఇన్నాళ్ళూ గొప్పలు పోయాడనుకుంటారు. ఒక్క అబద్ధం చెప్పని మనిషి, నా మూలాన ఊరందరి ముందూ అబద్ధాలకోరైపోతాడు. నేను లేచి నిలబడి, “అంకుల్‌ని ఎవరూ పిలవలేదు. నేనే కల్పించి చెప్పాను” అన్నాను.

బేస్‌మెంట్ గొల్లుమంది.

“వచ్చిందండీ ఎలుగుబంటి!” అన్నారెవరో వెనక నుంచి. మా అమ్మ నా తొడ మీద గిల్లి, “పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే నీ కథలేమిటే, కూచో!” అంది. నా బతుకులో బహిరంగంగా చెప్పిన మొదటి నిజం అలా అయింది.

నమ్మినవాళ్ళు ఒక్కరే. అందరూ వెళ్ళాక మెట్ల మీద నా పక్కన కూచుని, “ఎందుకన్నావమ్మా అలాగ?” అని అడిగారు అంకుల్.

“అక్కడ మనవాళ్ళెవరైనా ఉంటారా అని బళ్ళో టిమ్మీ అడిగాడు. లేరని చెప్పబుద్ధి కాలేదు.”

ఆయన స్నానాల టోపీ చేతిలో మడతపెడుతూ, విప్పుతూ కూచున్నారు. చివరికి, “మిగతావాళ్ళని వదిలెయ్యి. మీ ఆంటీకి మాత్రం నువ్వే చెప్పాలి. నేను చెబితే వినడం లేదు” అన్నారు.

చెప్పడానికి మంగళవారం సాయంత్రం వెళ్ళాను. కామాక్షి ఆంటీ కుట్టుమిషను ముందుంది. ఆయన పట్టు కండువాకి లోపలి వైపు, బయటికి కనపడకుండా, పాత శాలువాని కత్తిరించి ఉన్ని అస్తరు వేస్తోంది. “ఆరుబయట నిలబెడతారట కదే. ఆయనకసలే దగ్గు” అంది, దారం పళ్ళతో తెంపుతూ. ఈ దేశం వచ్చి పదిహేనేళ్ళయినా ఆయన్ని ఆఫీసులో పూర్తి పేరుతో పిలిచినవాళ్ళు లేరని, రేపు ప్రపంచమంతా వినేలా పిలుస్తారని చెబుతూ కండువా నా భుజాల మీద కప్పి చూసింది. మెత్తగా, వెచ్చగా, కలరా ఉండల వాసన. వచ్చిన పని వదిలేసి, రెండు సున్నుండలు తిని ఇంటికొచ్చేశాను.

బుధవారం పొద్దున మా అమ్మా నేనూ వెళ్ళేసరికి ఆవిడ ఎనిమిదింటికే కంచిపట్టు చీర కట్టుకుని, వాకిట్లో మంచు చిమ్మి, ముగ్గు వేసి నిలబడుంది. అంకుల్ స్వెట్టర్‌తో వంటింట్లో కాఫీ తాగుతున్నారు.

“కారు ఎన్నింటికొస్తుందో ఈయన చెప్పరు. నీకేమన్నా తెలుసుటే?” అని మేం లోపలికి రాగానే నన్నే అడిగింది.

“కారు రాదు ఆంటీ.”

“రోడ్లు మూసేశారా?”

“కాదు. ఎవరూ పిలవలేదు. బళ్ళో నేనే చెప్పాను. శనివారం చెప్పింది నిజం.”

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా మొహంలోకి చూసింది, తరవాత భర్త మొహంలోకి చూసింది, ఆ చూపులోనే ఇన్ని రోజులుగా ఆయనన్న ప్రతి ‘లేదు’నీ మళ్ళీ విన్నట్టుంది. సోఫా మీద పరచి ఉంచిన కండువాని నాలుగు మడతలు పెట్టింది. మా అమ్మ నా జబ్బ పట్టుకుంది, ఇంటికెళ్ళాక ఏమవుతుందో ఆ పట్టులోనే తెలిసిపోయింది. ఆంటీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ కిందికి రాలేదు.

“ఆయన ప్రమాణం ఎన్నింటికి?” అంది చివరికి.

“పన్నెండుకి” అన్నారు అంకుల్.

“సంకల్పం చెప్పుకోడానికి మనకి వాళ్ళ పిలుపెందుకండీ? లేవండి, స్నానం కానివ్వండి.”

కింద పింగ్‌పాంగ్ బల్ల మీద దుప్పటి పడింది. అలారానికి టోపీ ఎక్కింది. దేవుళ్ళ పక్కన టీవీ. తెరమీద తెల్ల గుమ్మటం, కోట్లేసుకున్న జనం, నోళ్ళలోంచి ఆవిరి. అంకుల్ అస్తరు వేసిన కండువా కప్పుకుని పీట మీద కూచున్నారు. అప్పటికే చెమటలు పడుతున్నాయి ఆయనకి, అయినా తియ్యలేదు.

“బుధవారం పన్నెండుకి రాహుకాలం కదండీ! ఎవరు పెట్టారీ ముహూర్తం?” అంది ఆంటీ.

“ఇక్కడి సూర్యోదయానికి లెక్క కడితే పన్నెండూ ఇరవైకి గానీ రాదు. టైముంది.”

టీవీలో మతగురువు ప్రార్థన మొదలుపెట్టాడు. ఇక్కడ అంకుల్ ఆచమనం చేశారు. అక్కడ తలలు వంచారు, ఇక్కడ మేమూ వంచాం. గోత్రం దగ్గర మా అమ్మకి అనుమానమొచ్చింది. తెలియనివాళ్ళందరికీ కాశ్యప గోత్రమేనని అంకుల్ తేల్చేశారు. అలా అమెరికా ప్రెసిడెంటు ఆ పూటకి మా నాన్నకి సగోత్రీకుడయ్యాడు.

“భార్య పేరు కూడా చెప్పండి” అంది ఆంటీ, తెర వైపు చూస్తూ. అక్కడ ఆయన పుస్తకం మీద చెయ్యి ఆనించాడు, పట్టుకున్నది ఆవిడ. “ఒట్టు ఆయన పెడుతున్నాడు, బరువు మాత్రం ఆవిడ మోస్తోంది.”

అంకుల్ గొంతు పెంచారు. క్రౌంచద్వీపే, రమణకవర్షే, పోటోమాక్ నదీతీరే. ఈసారి మాత్రం నది నిజంగానే కనపడింది, హెలికాప్టర్లోంచి చూపించారు, అంచుల్లో మంచు కట్టి. సహకుటుంబస్య, క్షేమ స్థైర్య ధైర్య… అని ఆయన అంటుండగా పెరటి వైపు తలుపు తోసుకుని సుజాత ఆంటీ వచ్చింది, రికార్డు చేయడానికి ఖాళీ వీడియో క్యాసెట్ అడుగుదామని. పీట మీద కూచున్న అంకుల్‌ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“అయ్యో! అన్న ఈడనే ఉన్నడేంది?”

అంకుల్ పూజ మధ్యలో లౌకికమైన మాట మాట్లాడకూడదు. మా అమ్మ నా వైపు చూసింది. నేను నోరు తెరిచే లోపల కామాక్షి ఆంటీ తాపీగా, కర్పూరం బిళ్ళ హారతి పళ్ళెంలో పెడుతూ, “సెక్యూరిటీ వాళ్ళు ఇక్కణ్ణుంచే చేయమన్నారు సుజాతా. మన మంత్రాలకి దూరంతో పని లేదని వాళ్ళకి ఈయనే చెప్పారు. చెప్పులు విప్పి రా, హారతి టైమైంది” అంది.

మంత్రం మధ్యలో అంకుల్‌కి పెద్ద దగ్గు తెర వచ్చింది. కళ్ళు తిప్పి భార్య వైపు చూశారు. ఆవిడ చూడలేదు. సుజాత ఆంటీ చెప్పులు విప్పి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చేతులు జోడించి నిలబడింది. తెర మీద ఫిరంగులు పేలుతుంటే ఆంటీ ముందు దేవుళ్ళకి, తరవాత టీవీకి హారతిచ్చింది. ఎలుగుబంట్లూ జింకలూ పట్టుకు తిరిగే నాకు ఆ క్షణంలో గురువు దొరికింది.

పూజ అయ్యాక అంకుల్ “ఏమిటే ఆ మాట?” అంటే, “మీరు ప్రార్థన చేశారా లేదా? చేశారు” అని పులిహోర కలపడానికి పైకెళ్ళిపోయింది. మర్నాడు నేను హోంవర్కులో ఉన్నదున్నట్టు రాశాను: పింగ్‌పాంగ్ బల్ల, స్నానాల టోపీ, కాశ్యప గోత్రం, అన్నీ. బుద్ధి తెచ్చుకున్నానని టీచరు మెచ్చుకుంటారనుకున్నాను. నీ ఊహాశక్తి అద్భుతం అని ఎర్ర సిరాతో రాసిచ్చారు.

ఇప్పుడు షాంటిలీ దగ్గర్లో గోపురమున్న గుడి ఉంది, జీతం పుచ్చుకునే పంతుళ్ళున్నారు, చెప్పులకి వేరే గది ఉంది. సుజాత ఆంటీ వాళ్ళు ఏ రాష్ట్రంలో ఉన్నారో తెలియదు. శాస్త్రి అంకుల్ వాళ్ళ ఇల్లు రెండుసార్లు చేతులు మారింది. ఆ బేస్‌మెంట్‌లో ఇప్పుడు ఎవరో వ్యాయామం చేసుకుంటారుట. ప్రమాణస్వీకారం మర్నాడు పెద్ద చర్చిలో జరిగే ప్రార్థనలో మన పంతుళ్ళు కూడా నిలబడి మంత్రం చదివిన ఏళ్ళున్నాయి. అది టీవీలో చూసిన పిల్లలెవరూ నోరు తెరవరు, వాళ్ళకి అందులో వింతేముంది! అక్కడ మనవాళ్ళెవరైనా ఉంటారా అని ఇప్పుడు ఎవరూ అడగరు.

శాస్త్రి అంకుల్ పోయి నాలుగేళ్ళయింది. కామాక్షి ఆంటీ ప్లేనోలో కూతురి దగ్గరుంటోంది. హీటర్ కారిన వారంలోనే ఆవిడ మనవరాలు ఫోన్ చేసింది, తాతయ్య గురించి కాలేజీలో ఏదో రాయాలిట.

“ఆంటీ, అమ్మమ్మ చెప్పేది ట్రూయేనా? తాతయ్య రియల్లీ ప్రెసిడెంట్‌కి ప్రేయర్ చేశాడా? ఆన్‌లైన్‌లో ఎక్కడా లేదు. మమ్మీ ఏమో, అమ్మమ్మ కలిపి చెప్తుంది అంటుంది. నువ్వు అక్కడ ఉన్నావంట?”

ఫోను స్పీకర్లో ఉంది. వెనకాల ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నారు. మా అమ్మ కూడా పోయాక, ఆ గదిలో ఉన్నవాళ్ళలో సాక్ష్యానికి దొరికేది నేనొక్కదాన్నే, నా మాటకి రూపాయికి పావలా రేటు.

“ఉన్నానమ్మా. చేశారు. ఆ ఒట్టు జరుగుతున్నప్పుడే చేశారు. ఆ హారతి నేను కళ్ళకద్దుకున్నాను” అన్నాను. ఇంకా కలపడానికి చాలా ఉంది, నాలుక చివర దాకా వచ్చింది కూడా, మింగేశాను.

“ఓకే! సో ఇట్స్ ట్రూ” అని ఆ పిల్ల రాసుకుంటున్న చప్పుడు వినపడింది. తరవాత ఫోను చేతులు మారింది.

“ఏమే” అంది కామాక్షి ఆంటీ. గొంతు బాగా సన్నబడింది. “నా తరవాత ఈ సంగతి చెప్పడానికి నువ్వొక్కదానివే. సరిగ్గా చెప్పు.”

“సరిగ్గా అంటే ఏ రకంగా ఆంటీ?” అని అడిగాను.

ఆవిడ అప్పటికే ఫోను మనవరాలికిచ్చేసింది.